తమ్ముడి తెర

శనివారం వచ్చిందంటే కోదండరాం చింతాద్రిపేటలోని పాత మానిటర్ల కొట్టుకు వస్తాడు. చేతిలో పసుప్పచ్చ గుడ్డసంచి ఉంటుంది. అందులో, తువ్వాల్లో చుట్టిన, టీవీకి తగిలించుకునే నలభై ఏళ్ల నాటి హోం కంప్యూటర్. దాన్ని పెట్టేముందు బల్ల మీది దుమ్ము అరచేత్తో తుడుస్తాడు. కొట్టు నడిపే రంజిత ఒక్కో ఫ్లాట్ మానిటర్ తెచ్చి తగిలిస్తుంది. ఈ కాలపు తెరలు ఆ ముసలి యంత్రం మాట వినవు. కొన్ని ‘నో సిగ్నల్’ అంటాయి, కొన్ని బొమ్మను వణికిస్తాయి. ఆయన విసుక్కోడు.

నిన్న మాత్రం ఒకదాంట్లో బొమ్మ నిలబడింది. నల్లటి తెర మీద తెల్లగా, ఇంగ్లీషు అక్షరాల్లో ‘శివరామ్’. చనిపోయిన తమ్ముడు తయారుచేసిన ఆట మొదట్లో వచ్చే పేరది.

“సూపర్‌గా ఉండాది అంకుల్! ప్యాక్ చేసేదా?” అంది రంజిత.

ఆయన స్విచ్ ఆపి, ఖాళీ తెరను వేలితో తడిమాడు.

“ఆపితే పేరు పోతా ఉండాదే మా.”

“పోకుండా ఎట్ల అంకుల్?”

“మా పాత టీవీలో పోలేదు. వాడు పోయినప్పుడు దీపంతోబాటు ఆ తెర కూడా ఆరకూడదనింది మా అమ్మ. సంవత్సరీకం దాకా ఆపనీలేదు. పేరు గాజులో అచ్చుపడిపోయింది, ఆపినా కనబడతా ఉండేది. పోయిన నెల ఆ టీవీ పగిలిపోయింది.”

“వీటికి అట్ల మచ్చ పడదు అంకుల్. అదే వీటి గొప్ప.”

ఆయన కంప్యూటర్‌ను మళ్లీ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

“మచ్చ పడేది వస్తే ఎత్తిపెట్టు మా. ఇంకో ఏడాది ఆపకుండా పెట్టుకుంటాను.”