గ్రీవ్ అనే తెలుగువాడు

సూరిబాబు కొడుకు గ్రీవ్‌కి అరవై మూడేళ్లు. మలేసియాలోని సుంగై సిపుట్‌లో రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే వ్యాను నడుపుతాడు. నుదుట విభూది పెట్టుకున్న మనిషి ఆ పేరు చెప్పగానే కొత్తవాళ్లు ఎగాదిగా చూసేవాళ్లు. "ఎస్టేటు దొర పెట్టిన పేరు" అని ఊరుకునేవాడు. సూరిబాబు ఎస్టేటులో రబ్బరు పాలు గీసిన కూలీ. తనకి కొడుకు పుడితే స్కాట్లండు దొర ముచ్చటపడి తన ఇంటిపేరే ఆ బిడ్డకి ఇచ్చాడని చచ్చేదాకా చెప్పుకున్నాడు.

మొన్న జులైలో గ్రీవ్ భార్య శాంతాదేవి పోయింది. కిడ్నీల జబ్బు, రెండేళ్ల డయాలిసిస్. అతను ఏడవలేదు. దహనం ముగించుకుని ఇంటికొచ్చి వ్యాను టైర్లలో గాలి చూసుకున్నాడు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఏడవకూడదని అతనేమీ పట్టుబట్టలేదు. లోపల వెతుక్కుంటే ఏమీ తగల్లేదు, అంతే.

మరణ ధ్రువపత్రం కోసం కూతురు మాలినితో ఆఫీసుకు వెళ్లాడు. కౌంటర్లో తమిళమ్మాయి కాగితం చదివి, కాస్త జంకుతూ, "అంకుల్, ఇంగ్లీషులో మీ పేరుకి దుఃఖపడడం అని గదా అర్థం?" అంది. తల ఊపి, ఆమె చూపించిన చోట సంతకం పెట్టాడు.

కారులో కూర్చున్నాక మాలిని ఫోన్లో వెతికింది. బడిలో టీచరు, ఏదీ సగంలో వదలదు.

"అది కాదు, నానా. స్కాట్లండులో గ్రీవ్ అంటే పొలం మీద పెత్తనం సేసీవోడంట. పొద్దున్నే కూలీలందర్నీ నిలబెట్టి పని పంచీవోడు. ముందు ఉద్యోగం పేరు, తర్వాత ఇంటిపేరు అయిపోయినాదంట."

"అంటే మన ఎస్టేటు మేస్త్రీ, మండోరా?"

"అదే, మండోరే."

అతని తాత, తండ్రి, తల్లి ముగ్గురూ తెల్లారకముందే మండోరు ముందు వరసలో నిలబడి పని చెప్పించుకున్నవాళ్లు. అతను తన జన్మలో ఎవరికీ పని చెప్పి ఎరగడు. "ఓహో" అన్నాడు.

పదహారో రోజు కర్మకి పిలవడానికి బస్సెక్కి తెలుక్ ఇంటాన్ వెళ్లాడు. అక్కడ మేనత్త పోలమ్మ ఉంది. ఎనభై ఏడేళ్లు, మోకాళ్లు పని చేయక దహనానికి రాలేకపోయింది. అతని చేయి పట్టుకుని శాంత కోసం ఏడ్చింది. ఆమె ఏడుపు అయ్యేదాకా అతను కూర్చున్నాడు. తర్వాత ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి దొర ఇచ్చిన పేరుకి మాలిని వెతికిన అర్థం చెప్పాడు.

"దొర ఇచ్చినాడా? ఎవురు సెప్పినారు?" పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "మీయమ్మ నీకు సుగ్రీవుడని ఎట్టింది నాయనా. మీ నాన్న ఎల్లి ఎస్టేటాఫీసు గుమస్తాకి సెప్పినాడు. ఆడు దినామూ దొర పేరు టైపు కొట్టీవోడు గదా, సగం ఇని అదే కొట్టీసినాడు. మీ నాన్నకి సదువు నేదు. నిన్ను బడిలో ఏసినప్పుడు పంతులు సదివితే తెలిసినాది. నలుగురూ నవ్వుతారని దొర మీద ఎట్టీసినాడు."

గ్రీవ్ వింటున్నాడు. కోపం రాలేదు, నవ్వూ రాలేదు.

"ఇకనుంచి నాను సుగ్రీవా అనే పిలుస్తాను" అంది పోలమ్మ.

"వద్దత్తా." అతను బస్సు వేళలు చెప్పే గొంతుతోనే చెప్పాడు. "శాంత ముప్పై ఆరేళ్లూ నన్ను 'ఇదిగో' అనే పిలిచినాది. నా పేరు నోట అననేదు. ఆఖర్న ఆస్పత్రిలో నర్సు 'నీ మొగుడి పేరేటి' అనడిగితే, నా ఎదురుగానే, గ్రీవ్ అన్నాది. ఒక్కసారే. అదే ఉండనీ."

పోలమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గోడ పట్టుకుని లేచి అన్నం, వంకాయ పులుసు వడ్డించింది. తిన్నాడు. మారు వడ్డిస్తే అదీ తిన్నాడు.

కర్మ రోజున మాలిని వెళ్లి పోలమ్మను కారులో తీసుకొచ్చింది. ఆ తర్వాతి సోమవారం గ్రీవ్ వ్యాను బయటికి తీశాడు. రోడ్డు పక్కన నిలబడ్డ నేపాలీలు, బంగ్లాదేశీలు ఒక్కొక్కరే ఎక్కారు. ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావని ఒకరు అడిగితే, ఇంట్లో పని అన్నాడు.

ఏడుపు ఇంకా రాలేదు. మాలిని ఆదివారం ఆదివారం ఫోను చేసి ఎలా ఉన్నావని అడుగుతుంది.

"తిన్నాను" అంటాడు.