తర్కం పాఠానికి పుస్తకం వెతికిన ఏడాది

నా కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి బస్సు దిగి వచ్చి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేనూ అదే బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా పిల్లల్ని కదలనీయకుండా కూర్చోబెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను. ఆ నెలే నా ఉద్యోగం, దాని బడి రెండూ మానేశాం. కడపలో మా ఇంటి ముందుగదిలోనే చదువు, ఓపెన్ స్కూల్లో పరీక్ష అనుకున్నాం. ఆ సంగతి విని, పత్తికొండ పక్క పల్లెలో సేద్యం చేసే మా అన్న తన కూతుర్ని తెచ్చి మా ఇంట్లో దిగబెట్టాడు. ఇద్దరిదీ ఒకటే వయసు.

"ఊర్లో బడికి లెక్కలయ్యవారు లేక ఏడాదాయమ్మా. నీ పాపతో పాటే మా పాపకూ చెప్పు" అన్నాడు.

లెక్కలతో నాకు ఇబ్బంది లేదు. తర్కం కూడా చెప్పాలని పట్టుబట్టింది నేనే. "ఎందుకు టీచర్?" అని అడిగిన పిల్లల్ని "ముందు రాసుకో" అంటూ పదిహేనేళ్లు గడిపాను. కనీసం ఈ ఇద్దరికైనా అడగడం నేర్పాలనిపించింది.

మొదట ఇంటర్నెట్లో దొరికిన విదేశీ పుస్తకాన్ని జిరాక్సు తీయించాను. ఇంట్లో చదువుకునే పిల్లల కోసమే రాశారట. అందులో మొదటి పాఠం, మంచు కురిస్తే బడికి సెలవు, ఈరోజు మంచు కురవలేదు, కాబట్టి సెలవు లేదు, ఇది సరైనదేనా అని. నా కూతురు సరైనదే అని రాసింది. మేనకోడలు పెన్ను పట్టుకుని కూర్చుంది.

"అత్తా, ఆదివారమైతే?" అంది. "మంచు లేకపోయినా సెలవే గదా."

అదే జవాబు. కానీ ఆ తర్వాత పాఠాలన్నీ మాకు తెలియని ఆటలు, మేం చూడని జంతువులు. ప్రతి వాక్యానికీ ముందు అర్థం చెప్పుకోవడంతోనే గంట గడిచిపోయేది. బ్యాంకు పరీక్షల గైడు తెచ్చాను. అందులో కిటుకులు తప్ప కారణాలు లేవు. నా కూతురు గబగబా టిక్కులు పెట్టేది, ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేది.

చివరికి దర్గా వీధి వెనకాల ఉండే ఒక రిటైరైన లెక్చరరుగారి దగ్గరికి పోయాను. ఒకప్పుడు కాలేజీలో తర్కం చెప్పేవారు. చూపు బాగా తగ్గింది. అట్ట ఊడిపోయిన తెలుగు పాఠ్యపుస్తకాన్ని వాళ్ల కోడలితో తీయించి నా చేతిలో పెట్టారు.

"నా సబ్జెక్టే ఎత్తేసినారమ్మా. ఆఖరి ఏడు ఇద్దరే పిల్లోళ్లు. వాళ్లు కూడా అటెండెన్సు కోసం వచ్చినోళ్లే" అన్నారు. తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు.

ఆ పుస్తకం భాష నాకే కొరుకుడు పడలేదు. పాఠాల వరుస మాత్రం దాంట్లోంచి తీసుకుని, ఉదాహరణలు నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. వాన పడితే శనక్కాయ పండుతుంది. ఈ ఏడు పండలేదు. కాబట్టి వాన పడలేదు.

"పడిందత్తా. మా చేన్లో పడింది, అయినా పండలేదు" అంది మేనకోడలు.

వాదన రూపం సరిగ్గా ఉన్నా మొదటి మాట నిజం కాకపోవచ్చని ఆ పూట ఇద్దరికీ చెప్పాను. నా పదిహేనేళ్ల ఉద్యోగంలో అంత మంచి పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

తొమ్మిదో పాఠం నడుస్తుండగా అన్న వచ్చాడు. వదినకు నడుము పడిపోయి మంచం దిగలేకుండా ఉందట.

"ఇంట్లో ఎవురో ఒకరు ఉండాలమ్మా. పాపను పిల్చుకపోతాండా" అన్నాడు.

మేనకోడలు నోట్సు మూసి, వాళ్ల నాయన ఎదురుగా కూర్చుంది.

"ఎవురో ఒకరు ఉండాల, సరే నాయనా. ఎవురో ఒకరంటే నేనే అని యాడుండాది? మా అన్న డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉండాడు గదా."

"వాడు మొగోడు గదమ్మా."

"మొగోడు అమ్మకు అన్నం పెట్టకూడదని యాడన్నా ఉండాదా?"

"లేదు."

"మరి నేను చెప్పిండేదాంట్లో తప్పు యాడుండాదో చెప్పు. వస్తా."

అన్న కోప్పడలేదు. నిజంగానే ఆలోచించాడు. కూతురు ఇంత బాగా మాట్లాడుతుందని మురిసినట్టు కూడా అనిపించింది.

"తప్పేం లేదమ్మా. నువ్వు చెప్పేది సరిగ్గానే ఉండాది" అన్నాడు. లేచి నిలబడి, "బట్టలు సర్దుకో. రెండున్నర బస్సుకు పోదాం" అన్నాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. ఒక్క మాట అనుండొచ్చు నేను. మా నాయన పోయినాక నన్ను చదివించింది ఆ అన్నే. దారిలో తింటారని చిత్రాన్నం కట్టడానికి వంటింట్లోకి పోయాను.

ఆ సాయంత్రం నా కూతురు అట్ట లేని పుస్తకం ముందేసుకుని, "మామ మాటల్లో ఏ దోషం ఉంది?" అని అడిగింది. తర్కదోషాల జాబితా మొత్తం చదివాం. ఒక్కటీ సరిపోలేదు. ఆయన అసలు వాదించనే లేదు. మరుసటి రోజు నుంచి అది తర్కం చదవనంది. నేనూ బలవంతపెట్టలేదు. ఇప్పుడు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, అంతే.

పరీక్షలకు మేనకోడలు రాలేదు. పోయిన నెల వాళ్లింటికి పోతే, వాళ్లమ్మను పక్కకు తిప్పి వీపు తుడుస్తూ ఉంది. మంచం అవతలి వైపు నుంచి ఆమెను పట్టుకోమంది, పట్టుకున్నాను. వాళ్లన్న వరండాలో ఫోను చూసుకుంటున్నాడు.

"ఏమన్నా చదువుతాండావా?" అని అడిగాను.

"లేదత్తా" అంది. ఎందుకని నేను అడగలేదు. గుడ్డ పిండి, బక్కెట్లో నీళ్లు పారబోయడానికి బయటికి పోయింది.