ధ్యాస లేని మనిషని నేనే చెప్పాను

నా తమ్ముడి చేయి పోయిన ప్రమాదం మీద జరిగిన విచారణ కాగితాల్లో ఒక వాక్యం ఉంది: "ఇతనికి చిన్నప్పటి నుంచి పగటికలలు కనే అలవాటు ఉంది, పని మీద ధ్యాస ఉండదు." కింద సంతకం నాది. మహారాష్ట్రలో, ఘుగ్గుస్‌లోని మా బొగ్గుగని కాలనీ పద్నాలుగేళ్లుగా ఆ వాక్యాన్నే నమ్ముతోంది. అందులో సగం నిజం. ఆ సగాన్ని అడ్డం పెట్టుకుని మిగతాదంతా దాచాను.

నిజమైన సగం ముందు చెబుతాను. తమ్ముడు నాకంటే పదమూడేళ్లు చిన్నవాడు. చిన్నప్పుడు క్వార్టరు మెట్ల మీద కూర్చుని, ఎటో చూస్తూ పెదాలు కదిపేవాడు. లోపల క్రికెట్ మ్యాచ్ నడుస్తుండేది. బ్యాటింగ్ వాడే, బౌలింగ్ వాడే, మైకులో చెప్పేదీ వాడే. అమ్మ వంటింట్లోంచి కేకేసేది.

"ఓరి, అన్నం సల్లారుతుంది. ఏ లోకంల ఉన్నవ్ రా?"

"విసాపూర్‌ల మ్యాచ్ ఉందే అమ్మా. ఇంక ఆరు రన్లే కావాలె."

"ఆరు కొట్టి జల్ది రా. లేకుంటే నీ గుడ్డు అన్న తింటడు."

వాడు గాలిలో ఒక షాట్ కొట్టి, నవ్వుకుంటూ లేచి వచ్చేవాడు. గుడ్డు తినేవాడు. బడికి పోయేవాడు. పడుకుంటే మొద్దు నిద్ర. ఆ మ్యాచ్ తన కల్పనేనని వాడికి బాగా తెలుసు.

గనిలో పనిచేసే మా నాన్న, బాపు, డ్యూటీలో ఉండగానే గుండెపోటుతో పోయాడు. అలా పోయినవాడి ఇంట్లో ఒకరికి గనిలో ఉద్యోగం ఇస్తారు. ఆ ఉద్యోగం ఉంటేనే క్వార్టరు నిలుస్తుంది. నాకు వయసు దాటిపోయింది, అప్పటికే చంద్రపూర్‌లో లారీ సామాన్ల దుకాణంలో పనిచేస్తున్నాను. తమ్ముడికి ఇరవై మూడు. కాగితాలు వాడి పేరు మీద కదిలాయి. మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది. అందులో ఫిట్ అని రాకపోతే అమ్మ, నేను, కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య, అందరం ఇల్లు ఖాళీ చేయాలి.

ఆ పిలుపు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే వాడు మారాడు. నిద్ర పోయింది. స్నానం మానేశాడు. రోడ్డు వైపు కిటికీకి పాత పేపర్లు అంటించాడు. బొగ్గు లారీల వాళ్లు హారన్ కొట్టి తన సంగతులు ఒకరికొకరు చెప్పుకుంటున్నారన్నాడు. కంచం ముందు పెడితే వాసన చూసి, నన్ను ముందు తినమనేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. నేను ఎదురుగా నిలబడినా, నా వెనక ఇంకెవరో ఉన్నట్టు చూసేవాడు.

ఒకరోజు తేలిక చేద్దామని అన్నాను, "ఏందిరా, మ్యాచ్ నడుస్తుందా?"

వాడు నవ్వలేదు. "మెల్లగ మాట్లాడు అన్నా. బాపు చెప్తుండు, ఇంటున్న."

బాపు పోయి అప్పటికి నాలుగు నెలలు. పోయినవాళ్ల గొంతు వినిపించినట్టు ఉండడం కొత్తేమీ కాదు. బాపు సైకిలుకు స్టాండు వేసిన చప్పుడు నాకూ రెండుసార్లు వినిపించింది. తలుపు దాకా వెళ్లాక, బాపు లేడు కదా అని నాకు తెలిసేది. వాడికి తెలియడం లేదు. ఆ తేడా నాకు కనిపించింది. నాకు అర్థం కాలేదని ఇన్నేళ్లుగా చెప్పుకున్నది అబద్ధం.

మా తెలుగు చర్చి అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. బయట చెప్పులు వేసుకుంటూ నన్ను పక్కకు పిలిచారు.

"ప్రార్థన నేను చేస్త. గాని నువ్వు రేపే దిమాగ్ డాక్టర్‌కు చూపియ్యి. ఇది బిమారి."

"వానిది చిన్నప్పటి సంది గంతే అయ్యగారు. ఖయాలల్ల ఉంటడు."

"చిన్నప్పుడు నేను చూడలేదా? సండే స్కూల్ల పేరు పెట్టి పిలిస్తే దిగ్గున లేస్తుండె."

"మెడికల్ కానియ్యుండ్రి. గప్పుడు చూపిస్త."

డాక్టరు చీటీ ఒకటి పుడితే అది గని ఆఫీసు దాకా పోతుందని నా భయం. మెడికల్‌కు వారం ముందు నుంచి వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పించాను. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించిన పద్ధతే. నేను అడగడం, వాడు అప్పచెప్పడం.

"నిద్ర పడ్తుందా?"

"పడ్తుంది సార్."

"చెవులల్ల ఏమన్న ఇనవడ్తదా?"

వాడు అయోమయంగా చూశాడు. "ఇనవడ్తది గదన్నా."

"లేదు సార్, అను."

"లేదు సార్."

"మళ్ల అను."

వాడు ఫిట్ అయ్యాడు. ఆ రోజు ఇంట్లో కోడికూర వండుకున్నాం. వాడు ముట్టలేదు.

బొగ్గు మోసుకుపోయే బెల్టు పక్కన పని ఇచ్చారు. కింద రాలిన బొగ్గును పారతో ఎత్తిపోయాలి. ఐదో నెలలో, నడుస్తున్న బెల్టు కిందికి చేయి పెట్టాడు. కుడి చేయి మోచేతి నుంచి పోయింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచి నన్ను అడిగిన మొదటి మాట, "బాపు బయటికి ఎల్లిండా?"

విచారణలో అధికారి అడిగాడు, ఇతనికి ఇంతకుముందు ఏమైనా జబ్బు ఉందా అని. ఉందంటే మెడికల్‌లో దాచినట్టు తేలుతుంది, ఉద్యోగం రద్దవుతుంది. అందుకే ఆ వాక్యం చెప్పాను. తప్పు వాడిదేనని రాశారు. చేయి పోయాక ఆఫీసులో ఫైళ్లు అందించే పని ఇచ్చారు. క్వార్టరు నిలిచింది. కాలనీలో వాడికి పగటికలల రాజని ఒక పేరు కూడా నిలిచింది. చాయ్ బండి దగ్గర ఎవడో ఒకడు, "ఏం ఖయాలీ రాజా, ఇయ్యాల ఏ ఊర్ల రాజ్యం? ఉన్న చెయ్యన్న పైలం!" అనేవాడు. నేనూ అక్కడే నిలబడి చాయ్ తాగేవాణ్ణి.

మరో రెండేళ్లకు, డాక్టరుకు చూపించాలని అమ్మ అన్నం మానేసి కూర్చుంటే, వాణ్ణి చంద్రపూర్ తీసుకుపోయాను. డాక్టరమ్మ మరాఠీలో అడిగింది, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నాడని. ఆరు నెలలని చెప్పాను. అక్కడా అబద్ధమే. చిన్నప్పటి మ్యాచ్‌ల సంగతి కూడా చెప్పాను, జబ్బు అప్పుడే మొదలైందేమోనన్నట్టు. ఆమె తల అడ్డంగా ఊపింది. కలలు కనే పిల్లలు లక్షల మంది ఉంటారు, అది జబ్బు కాదు అంది. కల తనదేనని తెలియకపోవడం, తిండి, నిద్ర, పని ఒక్కొక్కటే జారిపోవడం, భయం పట్టుకోవడం, ఇవి కనిపించిన వారంలోనే తీసుకురావాలి, ఆలస్యమైనకొద్దీ కష్టం అంది. మందులతో గొంతులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఆ మందులకే ఉన్న చేయి వణుకుతుంది.

అమ్మ ఇప్పుడు లేదు. నాకు పదకొండేళ్ల కూతురు. మొన్న వేసవి సెలవుల్లో కిటికీ దగ్గర కూర్చుని, బయటికి చూస్తూ పెదాలు కదుపుతోంది. వెళ్లి భుజాలు పట్టి కుదిపాను.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్? ఎవరు చెప్తున్నరు నీకు? చెప్పు!"

పిల్ల బెదిరిపోయింది. నేల మీద కూర్చుని ఒంటిచేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న తమ్ముడు తలెత్తాడు.

"పిల్లను గట్ల బెదిరిస్తరా అన్నా? మెల్లగ అడుగు."

అది కళ్లు తుడుచుకుంది. "కాయ్ ఝాలా పప్పా, ఏమైంది? నాగ్‌పూర్ బస్సు నడుపుతున్న. ఉత్తగనే. కండక్టర్ తోని లొల్లి అయింది."

తమ్ముడు నవ్వాడు. "ఇగో, బస్సు దిగొచ్చింది. గప్పుడు నన్ను పిలిస్తే నేను రాలే గదా. నువ్వు చూసినవ్ గదా అన్నా?"

గొంతులో కోపం లేదు. మర్చిపోయానేమోనని గుర్తు చేస్తున్నట్టు అడిగాడు.

"చూసిన."

"మరి ధ్యాస లేదని ఎందుకు రాపిచ్చినవ్? ఆఫీస్‌ల నా ఫైలు నేనే అందిస్త, సదివిన." ఒక కాయ తీసుకుని పళ్లతో ఈనె లాగాడు. "ధ్యాస పెట్టే చెయ్యి పెట్టిన. బాపు కింద ఇరికిండు. గుంజుదామని."

మర్నాడు గని ఆఫీసుకు మరాఠీలో ఒక అర్జీ రాశాను. వాడికి తెలుగు చదవడం రాదు, మరాఠీ అయితే తనే చదువుకుంటాడని. ఇతను అప్పటికే జబ్బుతో ఉన్నాడు, నాకు తెలుసు, దాచిపెట్టి పరీక్షకు పంపింది నేనే, ప్రమాదం ఇతని తప్పు కాదు. అదీ సారాంశం. నా భార్య తలుపు దగ్గర నిలబడి, "క్వార్టర్ పోతదేమో," అంది. పోవచ్చు. వాడి ఉద్యోగమే పోవచ్చు. అది కూడా వాడికి చెప్పి, ఇవ్వమంటేనే ఇస్తానన్నాను.

వాడు కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"బాపును గుంజుదామని పెట్టిన. అది లేదు ఇందుల."

పెన్ను తీసి, కింద రాశాను.

"ఇప్పుడు ఇయ్యి," అన్నాడు.