నల్లా వేళకు పడవ మీద

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే చాలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి మా మేనత్త బొంబాయి కామాటిపురలో మా ఇంట్లో దిగేది. నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. ఒక చేతిలో చింతపండు సంచి, నోటినిండా తన పిల్లల ముచ్చట్లు. పెద్దోడు బస్సు కండక్టరయ్యాడు, చిన్నోడికి సంబంధాలు చూస్తున్నారు, బిడ్డకు నెల తప్పింది. ఇవన్నీ మాకే కాదు, చాల్ అనే మా వరస గదుల భవనంలో మా అంతస్తు మొత్తానికీ చెప్పేది. వర్లిలో వేరు కాపురం పెట్టిన మా అన్న సంగతులు కూడా అత్త చెబితేనే మాకు తెలిసేవి. ఆయన స్టేషన్‌కు వెళ్ళి మేనత్తను తీసుకొచ్చి కింద దింపేవాడు గానీ మా మెట్లెక్కేవాడు కాదు మరి!

అత్త వచ్చిందంటే నాన్నకు బొంబాయి గుర్తొచ్చేది. మిగతా ఏడాదంతా ఆయన పని, ఆయన బీడీ. అత్త దిగగానే ఇస్త్రీ చొక్కా తొడిగి, నన్నూ చెల్లినీ వెంటబెట్టుకుని హ్యాంగింగ్ గార్డెన్, చౌపాటీ, జంతువులుండే రాణీబాగు, గేట్‌వే దగ్గర పడవ అన్నీ తిప్పేవాడు. అమ్మ పొద్దున్నే లేచి పులిహోర కలిపి, డబ్బా కట్టి, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది.

పడవెక్కాలని అమ్మకు ఎంత ఆశో నాకు తెలుసు. పెళ్ళై బొంబాయి వచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. నాన్న జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"నువ్వొస్తే నల్లా ఎవరు పడతరే? నీళ్ళు లేకుంటే ఇల్లు నడుస్తదా?"

అదీ నిజమే. అంతస్తుకంతా ఒక్కటే నల్లా. సాయంత్రం నాలుగింటికి వచ్చేది, కాసేపటికే పోయేది. వరసలో మన బిందె పక్కన మనిషి లేకపోతే బిందె వెనక్కి జరిగిపోయేది. అందుకని నాన్న సముద్రం చూసేవాడు, అమ్మ నల్లా చూసేది.

రాత్రి రొట్టెలు కొడుతూ అత్తను అడిగేది: "పడవ బాగ ఊగుతదా? నీళ్ళు మీద వడతయా?"

"బొంబాయిల ఉండుకుంట నన్నడుగుతున్నవా వదినె! నీ బతుకు పాడుగాను!" అని అత్త పకపకా నవ్వేది. అమ్మ కూడా నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఒక ఏడు అత్త కూతురికి మగపిల్లాడు పుట్టాడు. ఆ వార్తతో వచ్చిన అత్తకు ఊరు తిరగడం మీద ధ్యాసే లేదు. మా అంతస్తులో ఇంకా చెప్పాల్సిన గదులు మిగిలిపోయాయి. "చూసిందే ఎన్నిసార్లు చూస్త అన్నా? వదినెను తీస్కపో. నల్లా నేను పడ్త," అంది.

"దానికెందుకే, ఈ ఎండల?" అన్నాడు నాన్న. ఆ ఎండ మాకు లేదు కాబోలు! అమ్మ మాత్రం అన్న పెళ్ళినాటి చీర కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, మా అందరికంటే ముందే మెట్లు దిగింది.

పడవలో అమ్మ చెక్కను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కాస్త దూరం పోయాక నాన్నను టైం అడిగింది. నాలుగు దాటిందన్నాడు. అమ్మ ముఖం ఒడ్డు వైపు తిరిగింది. "నీ చెల్లె పెద్ద బిందె ముందుగల పెట్టిందో లేదో," అంది. అంతలో ఒక అల కొట్టి నీళ్ళు ఆమె ముఖం మీద పడ్డాయి. అమ్మ గట్టిగా నవ్వింది. అట్లా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చూస్తే బిందెలన్నీ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. అత్త వరండాలో తలొంచుకుని కూర్చుంది. పక్కింటావిడ చెప్పింది: నల్లా వచ్చేసరికి అత్త కథలో కూతురికి నొప్పులు మొదలయ్యాయట. కాన్పు కష్టమైంది. మనవడు పుట్టేసరికి నీళ్ళు ఆగిపోయాయి. కథ విన్నవాళ్ళంతా వింటూనే నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు.

"ముచ్చట్ల వడి మరిచిన వదినె," అంది అత్త, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని.

నాన్న గబగబా ముందుకొచ్చాడు. "అరే, ఏడుస్తవేందే చెల్లె? ఒక్క పూట నీళ్ళు లేకుంటే ఏమైతది?"

చెప్పులు విడుస్తున్న అమ్మ ఆగింది.

"ఏం గాదా?"

"ఏమైతదే? పక్కింట్ల రెండు బిందెలు అడిగి తెచ్చుకుందం."

"గంతేనా?"

"గంతే."

అమ్మ పెద్ద బిందె ఎత్తి ఆయన చేతిలో పెట్టింది.

"పో మరి, అడిగి తే. రేపు రాణీబాగుకు నేను గూడ వస్త."