తొంభై ఏడు కిలోలకు ఆరు కడ్డీలు

సూరత్ నగరంలోని లింబాయత్‌లో భాగీరథి కలిపే పచ్చిపులుసుకు తాపీ నది దాటి అమ్రోలి దాకా పేరొచ్చింది. అదంతా లాక్‌డౌన్ పుణ్యమే. అంతకుముందు పాతికేళ్లకు పైగా ఆమె పవర్‌లూమ్ కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. భర్త రాజలింగం అక్కడే మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. 2020 మార్చిలో మగ్గాలు ఆగిపోయాయి. గల్లీలో సగం మంది సిరిసిల్ల వైపు వెళ్లిపోయారు.

"ఊర్ల మాత్రం ఏమున్నది? ఆడ గూడ మగ్గాలే గద బందైనయి" అని భాగీరథి కదల్లేదు.

ఆంక్షలు కాస్త సడలాక, హజీరా ప్లాంట్లలో పనిచేసే తెలుగు ఇంజనీర్లు ఇంటి తిండికి మొహం వాచి ఉన్నారని ఎవరో చెప్పారు. ఆమె టిఫిన్ డబ్బాలు మొదలుపెట్టింది. రాజలింగం స్కూటర్ నడిపితే వెనక డబ్బాల సంచులతో ఆమె కూర్చునేది.

ఆ డబ్బాలు తినేవాళ్లలో నిరంజన్ ఒకడు. ఊరు రాజమండ్రి, వయసు ముప్పై అయిదు. ఎత్తయిన ట్యాంకుల మీద తాళ్లతో వేలాడి పనిచేసేవాళ్లకు శిక్షణ ఇచ్చే సేఫ్టీ ఇంజనీరు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ వచ్చి అమ్రోలి ఫ్లాట్‌లో పదిహేడు రోజులు ఒంటరిగా పడి ఉన్నాడు. భాగీరథి రోజూ గుమ్మం ముందు డబ్బా పెట్టి, మెట్ల మీద నిలబడి కేకేసేది. "సారూ, వాసన రాకున్నా తినుండ్రి. తిన్ననని చెప్పేదాక నేను పోను!"

కోలుకున్నాక అతనికి నాలుగు గోడలంటేనే విసుగు పుట్టింది. ఆరేడుగురు స్నేహితుల్ని పోగేసి, ఆదివారాలు డాంగ్ కొండల్లో గుహలు చూపించడానికి తీసుకెళ్లేవాడు. దీపావళి వెళ్లిన వారం వాళ్లకు వండిపెట్టడానికి భాగీరథి కూడా జీపెక్కింది.

ఆ రోజు వెళ్లిన గుహకు పైన బావి నోరులాంటి రంధ్రం. అరవై అడుగులు తాడు మీద దిగితే, కింద వాగు వైపు నుంచి నడుచుకుంటూ బయటికి రావచ్చు. భాగీరథి పప్పు తిరగమోత పెడుతుండగా అమూల్య వాగు వైపు నుంచి ఒళ్లంతా బురదతో, పగలబడి నవ్వుతూ వచ్చింది. ఇరవై ఆరేళ్ల ఆ అమ్మాయి సూరత్‌లోనే పుట్టి పెరిగింది. రెండేళ్లుగా ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తోంది.

"ఆంటీ, లోపల ఫుల్ ఏసీ! ఎక్‌దమ్ మస్త్!"

భాగీరథి గరిటె పక్కన పెట్టి రంధ్రం దగ్గరికి వెళ్లి తొంగి చూసింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది.

"నేను గూడ దిగుతా" అంది.

అందరూ నవ్వారు. నిరంజన్ నవ్వలేదు. "దిగొచ్చక్కా. కాకపోతే ముందు సూరత్‌లో నేర్చుకోవాలి."

కొత్తగా చేరేవాళ్లు ఒక కాగితం నింపాలి. పేరు, వయసు, రక్తం గ్రూపు, బరువు. బరువు దగ్గర భాగీరథి డెబ్బై రెండు అని రాసింది. అది పదేళ్ల కిందటి సంగతి. అబద్ధం రాస్తున్నానని ఆమెకు అనిపించలేదు. ఆ తరవాత ఆమె కాంటా ఎక్కితే కదా!

గల్లీలో కుట్టుపని చేసే స్వరాజ్యం ఆమెకు గట్టి గుడ్డతో ప్యాంటు కుట్టింది. పుట్టాక మొదటిసారి ప్యాంటు వేసుకుని, పైన భర్త చొక్కా తొడుక్కుని, అమ్రోలిలో సగం కట్టి వదిలేసిన ఒక భవనం దగ్గరికి వెళ్లింది. మొదటి అంతస్తు నుంచి నేలకు పన్నెండు అడుగులు. నడుముకు, తొడలకు పట్టీలు బిగించి, వాటికి ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న ఒక లోహపు కడియం తగిలించాడు నిరంజన్. తాడు దాని చుట్టూ మెలిక తిరిగి వస్తుంది. ఆ రాపిడే మనిషిని మెల్లగా దించుతుంది. కుడిచేత్తో తొడ పక్కన తాడు పట్టుకుని కొద్దికొద్దిగా వదలాలి. అమూల్య అంతకుముందే దాంతో దిగి చూపించింది.

భాగీరథి దేవుణ్ణి తలుచుకుని వెనక్కి వాలింది. మూడడుగులు బాగానే దిగింది. తరవాత తాడు పరిగెత్తింది. ఎంత బిగించి పట్టినా ఆగలేదు. చేతి తొడుగు లోపల అరచెయ్యి కాలింది. కిందికి వెళ్లి తాడు చివర పట్టుకుని ఉన్న నిరంజన్ ఒక్కసారిగా బలంగా లాగి బిగించాడు. నేలకు నాలుగడుగుల ఎత్తున ఆమె గిర్రున తిరిగి ఆగింది.

దించాక మంచినీళ్లిచ్చి మెల్లగా అడిగాడు. "అక్కా, మీ బరువెంత?"

"రాసిచ్చిన గద సారూ."

అతను తాడు చుట్టేశాడు. ఈ రోజుకు చాలన్నాడు.

ఇంటికొచ్చి భాగీరథి అన్నం తినకుండా కూర్చుంది. ఏమైందని రాజలింగం రెండుసార్లు అడిగితే చెప్పింది. చూసిందల్లా మగ్గమే అయినా, తాడూ బరువూ అతనికి కొత్తవి కావు. మగ్గం మీద పోగులు చుట్టి ఉండే పెద్ద రోలరు, అంటే బీము, వదులుగా తిరిగిపోకుండా దానికి తాడు చుట్టి బరువు వేలాడదీస్తారు.

"బీము జారుతుంటే తాడు ఇంకో చుట్టు ఏస్తం. మరీ గట్టిగైతే పోగు తెగుతది, అప్పుడు ఒక చుట్టు తీస్తం" అన్నాడు. "ఏ బీముకు ఎన్ని చుట్లన్నది నాకు ఎర్కనే. గని బీమే నాకు అబద్ధం చెప్తే నేనేం జేస్తనే?"

"నేను బీమునా?"

"నేనన్నది గది గాదు" అని అతను గబగబా కంచం ముందుకు జరిపాడు.

మరునాడు మధ్యాహ్నం ఆమె పక్కింటి కొమురవ్వను తోడు తీసుకుని నూలు గోదాముకు వెళ్లింది. బస్తాలు తూచే పెద్ద కాంటా అక్కడుంది. గుహలోకి ఎలా వెళ్తుందో అలాగే బూట్లు, టోపీ, పట్టీలు, నీళ్ల సీసాతో ఎక్కింది. తొంభై ఏడు చూపించింది.

"గీ కాంటా కరాబైనట్టుంది" అంది భాగీరథి.

కొమురవ్వ చెప్పులు విడిచి తను ఎక్కింది. ముప్పై తొమ్మిది. "మంచిగనే ఉన్నదే!" అంది దిగుతూ.

భాగీరథి కాసేపు బస్తాల మధ్య తిరిగింది. తరవాత ఫోను తీసింది. "సారూ, తొంబై ఏడు. అన్ని గలిపి."

ఇప్పుడు నవ్వుతాడని, లేదా రావద్దంటాడని ఆమె అనుకుంది.

"తప్పు నాదక్కా" అన్నాడు నిరంజన్. "కాగితం మీది అంకె చూసి సామాను ఇచ్చాను. తూకం వేసి ఇవ్వాల్సింది. పైగా అది కొత్త తాడు, సన్నటిది, ఇంకా జారుతుంది. ఆదివారం రండి. మీకు వేరేది తెస్తాను."

ఆదివారం తెచ్చిన దాన్ని ర్యాక్ అంటారు. పొడుగాటి ఉక్కు చట్రానికి చిన్న నిచ్చెనలాగా అడ్డంగా ఆరు కడ్డీలు. తాడు ఒక కడ్డీ ముందు నుంచి, తరవాతి దాని వెనక నుంచి అల్లుకుంటూ పోవాలి. కడ్డీలు ఎక్కువైనా, దగ్గరికి నొక్కినా రాపిడి పెరుగుతుంది. దూరం జరిపితే తగ్గుతుంది. దిగుతూ దిగుతూనే మార్చుకోవచ్చు.

"బరువున్నవాళ్లకు ఇది నమ్మకమక్కా. కానీ తాడు తిరగేసి అల్లారో, బరువు పడగానే కడ్డీలన్నీ తెరుచుకుంటాయి. పదిసార్లు చూసుకోవాలి."

మిగతావాళ్లకు గంట పట్టిన ఆ అల్లిక భాగీరథి చేతులకు రెండోసారికే వచ్చేసింది. పోగులతో బతికిన చేతులవి. ఆరు కడ్డీలూ వేసుకుని వెనక్కి వాలింది. తాడు పరిగెత్తలేదు. అడుగు, అడుగున్నర చొప్పున, మెట్లు దిగినంత నెమ్మదిగా నేలకు చేరింది.

"నేను కూడా దీంతోనే వస్తా!" అని అమూల్య అదే ర్యాక్‌ను ఆరు కడ్డీలతో తగిలించుకుంది. ఆమె బరువు నలభై నాలుగు. అంచు దాటి వాలింది, అక్కడే ఉండిపోయింది. ఊగింది, కుదిపింది, తాడును చేత్తో పైకి తోసింది. అంగుళం కదల్లేదు.

"ఆంటీ, మై తో అటక్ గయీ!"

"ఒక కడ్డీ తియ్ బిడ్డా!" భాగీరథి కింద నుంచి అరిచింది. "సారూ, తియ్యొచ్చు గద?"

"తియ్యొచ్చు. అన్నిటికన్నా కిందది ముందు. నాలుగు మాత్రం ఉండాల్సిందే" అన్నాడు నిరంజన్, తాడు చివర పట్టుకుని.

రెండు కడ్డీలు తీశాక అమూల్య జరజరా దిగొచ్చింది. ఆ పూటే నిరంజన్ ఒక నియమం పెట్టాడు. ఇకపై సామాను ఇచ్చే ముందు ప్రతి ఒక్కరూ మూటాముల్లెతో కాంటా ఎక్కాలి. లాక్‌డౌన్‌లో తమ బరువు పెరగలేదని చెప్పుకునే ఇంజనీర్లు ఇద్దరు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

డిసెంబర్ రెండో ఆదివారం రాజలింగం కూడా వచ్చాడు. గుహ అంచుకు ఇరవై అడుగుల దూరంలో చెట్టు మొదట్లో కూర్చుని, అక్కడి నుంచి కదలనన్నాడు. భాగీరథి తాడు అల్లింది. నిరంజన్ చూశాడు. ఆమె మళ్లీ చూసుకుంది. అంచున నిలబడి కిందికి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండక్కా. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఆగుండ్రి సారూ, ఊపిరి తీస్కుంటున్న."

పది అడుగులు గోడకు కాళ్లు తన్నిపెట్టి దిగింది. ఆ తరవాత గోడ వెనక్కి వెళ్లిపోయింది. కాళ్ల కింద ఏమీ లేదు. ఆమె కడ్డీలు దగ్గరికి నొక్కింది. తాడు ఆగింది. టోపీకున్న లైటు తిప్పి చూస్తే ఎదురుగా రాతి మీద నీళ్లు సన్నగా కారుతున్నాయి, గబ్బిలాలు గుత్తులుగా వేలాడుతున్నాయి. మాస్కు లేదు. వండాల్సింది లేదు. ఎవరో పిలుస్తారన్న తొందర లేదు. లోపల్నించి ఏదో పొంగుకొచ్చింది.

"రాజలింగం!" అని గట్టిగా అరిచింది.

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె భర్తను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. గుహ ఆ పేరును మూడుసార్లు పలికింది. పైన చెట్టు మొదట్లో కూర్చున్నాయన లేచి అంచు దాకా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందే?"

"ఏం గాలే! మంచిగున్నది!"

ఆమె వాగు వైపు నుంచి బయటికి వచ్చేసరికి అతను కొండ చుట్టి దిగి అక్కడ నిలబడి ఉన్నాడు.

"పేరు పెట్టి పిల్చినవ్" అన్నాడు.

"ఒక్కసారే పిల్చిన. తక్కిన మూడుసార్లు గుహనే పిల్చింది" అని ఆమె బూట్లలోని నీళ్లు వంపేసింది.

జనవరిలో మళ్లీ కోవిడ్ పెరిగి ప్రయాణాలు నెలరోజులు ఆగాయి. మగ్గాలు మాత్రం ఈసారి ఆగలేదు. కార్ఖానా తెరిచాక మళ్లీ పనిలో చేరిన భాగీరథి పగలు కండెలు చుడుతూ పొద్దున పూట డబ్బాలు కడుతూనే ఉంది. మార్చిలోగా ఇంకో మూడుసార్లు దిగింది. చివరిసారి కొమురవ్వ కూడా అమ్రోలిలో నేర్చుకుని బయల్దేరింది. ఆమెకు నిరంజన్ నాలుగు కడ్డీలు చాలన్నాడు. భాగీరథి దగ్గరుండి పట్టీలు బిగించింది. కొమురవ్వ అంచు దాకా వెళ్లి, లోపలికి చూసి, తలెత్తి అందరినీ చూసింది.

"జర అన్నం తిన్నంక దిగుతా" అంది.

తిన్నాక చెట్టు కింద కొంగు పరుచుకుని హాయిగా నిద్రపోయింది.