మేత ముట్టని బర్రె కోసం చేసిన ప్రార్థన

సువార్త చెప్పడానికని పోయి, పొద్దుగూకేదాకా బర్రె పలుపు పట్టుకుని ఊరంతా తిరిగినోణ్ని మీరెక్కడన్నా చూసిండ్రా? చూడకపోతే ఇగో, నన్ను చూడండి. ఛాయ్ తాగుకుంట వినండి గానీ మధ్యలో నవ్వొద్దు. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తది, ఇగ కథ ముందుకు పోదు.

ఎనభైలనాటి ముచ్చట ఇది. అప్పుడు నాకు జూలూరుపాడులో సైకిల్ షాపు ఉండేది. శివరాత్రి దాటినంక మా సంఘం పాస్టరు సాయంత్రాలు మాకు క్లాసులు పెట్టిండు. పాస్టర్ని మేము అయ్యగారు అనే అంటం. మన విశ్వాసం గురించి పక్కోళ్ళకు ఎట్ల చెప్పాలె అన్నది క్లాసు. పోంగనే బైబిల్ తీయొద్దన్నడు. ముందుగాల వాళ్ళ బాగోగులు అడగమన్నడు. వాళ్ళ దేవుళ్ళను ఒక్క మాట అనొద్దు, వాదన పెట్టుకోవద్దు. వాళ్ళకేం కష్టముందో తెలుసుకుని, వాళ్ళు సరేనంటేనే దానికోసం ప్రార్థన చేయాలె. ఎనిమిదో క్లాసుతో ఆగిపోయిన నాకు జన్మలో ఇంత సులువు పాఠం దొరకలేదు. బడిలో కూడా గిట్లనే చెప్పి ఉంటే నేను ఈపాటికి కరెంటాఫీసులో కుర్చీ వేసుకుని కూర్చునేటోణ్ని.

ఆదివారం లోపల తలా ఒక ఇంటికి పోయి రావాలె, వచ్చి ఏం జరిగిందో సంఘంలో చెప్పాలె అన్నడు అయ్యగారు. నేను బాపయ్య ఇల్లు ఎంచుకున్న.

బాపయ్యది చండ్రుగొండ అవతల ఊరు. వాళ్ళ నాయన గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నడు. నేను షాపు పెట్టిన కొత్తలో, నా చేతి మీద ఎవరికీ నమ్మకం లేనప్పుడు, మొదటి సైకిల్ రిపేరుకు తెచ్చి ఇచ్చింది బాపయ్యనే. అన్ని ముచ్చట్లు మాట్లాడుకునేటోళ్ళం. ఏసయ్య పేరెత్తితే మాత్రం, బ్రేకు లూజయింది చూడవయ్యా అని మాట మళ్ళించేటోడు. ఆయనను మతంలో కలపాలె అని కాదు. నా మనసులో ఉన్నది ఒక్కసారి నిమ్మళంగ చెప్పుకోవాలె, ఆయన వినాలె. అంతే నా ఆశ.

శనివారం మధ్యాహ్నం సైకిలెక్కి పోయిన. వాకిట్లో పెద్ద పట్టా పరిచి జొన్న కంకులు ఎండబోసిండ్రు. వచ్చే ఏటికి విత్తనం అవి. పక్కన నీడలో బాపయ్య వాళ్ళమ్మ అచ్చమ్మగారు ఒక పొడుగు కర్ర పట్టుకుని కూర్చున్నది. కోడి వస్తే కోడికి, పిట్ట వస్తే పిట్టకు, బాపయ్య అడ్డమొస్తే బాపయ్యకు, అదే కర్ర.

అయ్యగారు చెప్పినట్టే బైబిల్ సంచిలోనే ఉంచి బాగోగులు అడిగిన. బాపయ్య మొహం దిగులుగ పెట్టిండు. ఈనిన దూడ చచ్చిపోయిందట, అప్పటి నుంచి బర్రె మేత ముడుతలేదట. పచ్చగడ్డి వేసినా మూతి తిప్పుకుంటున్నదట. ఆ ఇంటికి పాడి అంటే అదొక్కటే. కట్టేస్తే ఇంకా బెంగపడుతుందేమోనని పలుపు విప్పి వదిలేసిండ్రు. అది వాకిట్లో ఒక మూలకు నిలబడి గోడ దిక్కు చూస్తున్నది.

చూడంగనే నాకు జాలేసింది. జాలితోపాటు, నిజం చెప్పొద్దా, క్లాసులో చెప్పిన కష్టం ఎదురుగ దొరికిందని లోపల కొంచెం సంబరం కూడా అయింది. మీరు సరేనంటే ప్రార్థన చేస్త అన్న. బాపయ్య నసుగుతూ వాళ్ళమ్మ దిక్కు చూసిండు.

"చెయ్యనియ్యరా," అన్నది అచ్చమ్మగారు. "డాక్టరు మందేశాడు, అమ్మవారికి మొక్కుకున్నాం. ఈ అబ్బాయి దేవుణ్ణి కూడా అడగనీ. ఎవరు తినిపిస్తే ఏం, గేదె తినాలి గానీ."

ఇగ నేను లేచి నిలబడ్డ. అందరూ కళ్ళు మూసుకోవాలె అన్న. మా దగ్గర అది అలవాటు, కళ్ళు తెరిచి చేస్తే ప్రార్థన చేసినట్టే ఉండదు.

"నేను కూడానా?" అన్నది పెద్దామె.

"మీరు కూడా అమ్మగారూ. అప్పుడే మనసు నిలబడ్తది."

"మరి కర్ర?"

"కర్ర పక్కన పెట్టి చేతులు జోడించండి."

ఆమె పాపం బుద్ధిగ కర్ర కింద పెట్టి, చేతులు జోడించి, కళ్ళు గట్టిగ మూసుకున్నది. కాపలా మనిషితోనే కళ్ళు మూయించిన తెలివి నాది.

నా ప్రార్థన సంగతి మీకు తెలువదు. మా సంఘంలో ప్రార్థన నాకు ఇచ్చిండ్రంటే ఆడోళ్ళు పిల్లల్ని ఒళ్ళో పండబెట్టుకుంటరు. నేను ఆదికాండం నుంచి మొదలుపెట్టిన. దేవుడు పశువులను ఎట్ల చేసిండో చెప్పిన. నోవహు ఓడలోకి ఎక్కించిన. అక్కడి నుంచి ప్రభువు పుట్టిన పశువుల పాకకు తీసుకొచ్చిన. పనిలో పనిగ వానలు, పంటలు, దవాఖానాల్లో ఉన్నోళ్ళు, ఆర్టీసీ డ్రైవర్లు, ఎవ్వరినీ వదల్లేదు. నడుమ ఎక్కడో కరకరమని చప్పుడు వినబడ్డది. అచ్చమ్మగారు వక్క నములుతున్నది కావచ్చు అనుకున్న. చప్పుడు ఎక్కువైతే నేనూ గొంతు పెంచిన. ప్రభువా, ఈ మూగజీవి నోరు తెరిపించు, కడుపునిండ తినేటట్టు చెయ్యి అని గట్టిగ అడిగి ఆమెన్ అన్న.

కళ్ళు తెరిచి చూస్తే బర్రె పట్టా నడిమధ్యలో ఉన్నది. సగం కంకులు లేవు. మిగిలిన సగంలో మూతి పెట్టి, మాకు ఆమెన్ చెప్పే తీరిక కూడా లేనట్టు నములుతున్నది.

ముందు అచ్చమ్మగారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినయి. తిన్నదిరా, గేదె తిన్నదిరా అని కొడుకు వీపు మీద చరిచింది. నేను చేతులు పైకెత్తి స్తోత్రం అన్న.

"స్తోత్రం తర్వాత," అన్నడు బాపయ్య. "ముందు గేదెను పట్టు."

ఆయన మొహంలో నెత్తురు లేదు. విత్తనం పోయినందుకు కాదు. ఖాళీ కడుపుతో ఉన్న బర్రె ఒక్కసారే అంత గింజ తింటే లోపల పులిసి కడుపు ఉబ్బుతదట, ప్రాణం పోయేదాకా వస్తదట. నాకేం తెలుసు, నాకు తెలిసింది ట్యూబులు. కొంచెం సేపటికి దాని ఎడమ డొక్క లేచింది. గాలి ఎక్కువ కొట్టిన ట్యూబు పగిలే ముందు ఎట్ల ఉంటదో నాకు బాగ తెలుసు. అచ్చం గట్లనే ఉన్నది.

పశువుల డాక్టరు కొత్తగూడెం పోయిండట. ఆ వీధిలోనే ఉండే కాంపౌండరు వచ్చి చెయ్యేసి చూసి, వెదురు గొట్టంతో నూనె తాపించిండు. దీన్ని పడుకోనియ్యొద్దు, నడిపిస్తనే ఉండాలె, పడుకుంటే ఇగ లేవదు అన్నడు. ఏదో మందు తెమ్మంటే బాపయ్య నా సైకిలేసుకుని చండ్రుగొండ ఉరికిండు. అచ్చమ్మగారు పలుపు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే తినిపించావు అబ్బాయ్. నువ్వే అరిగించు."

గట్ల బయలుదేరిన. తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, వెనక ఉబ్బిన బర్రె. మొదటి వీధిలో ఎవరో ఆపి, ఏంది యాకోబూ, సైకిళ్ళు బంద్ పెట్టి పాడి మొదలుపెట్టినవా అని అడిగితే, నోవహు దగ్గర నుంచి అంతా వివరంగ చెప్పిన. రెండో వీధికొచ్చేసరికి ఊపిరి ఆడక ముచ్చట చిన్నగయింది. ఆ తర్వాత నేను చెప్పే పనే లేదు, కథ నాకంటే ముందు నడుస్తున్నది. ఒకామె గడపలో నిలబడి, అన్నా, ఆకలి పుట్టించే ప్రార్థన సరే, మా అల్లుడు వచ్చి నెల్లాళ్ళాయె, ఆకలి తగ్గించే ప్రార్థన ఏమన్న ఉన్నదా అన్నది. ఇంకొకాయన మా ఎద్దుకు కూడా చెయ్యి, కానీ ఆగు, గింజలు లోపల పెట్టుకుని వస్త అన్నడు. వాదన పెట్టుకోవద్దన్న పాఠం మాత్రం ఆ పూట నిండుగ పాటించిన. వాదించడానికి నోట్లో తడి లేదు.

బర్రె ఆగినప్పుడల్లా నా గుండె ఆగేది. ముందటి కాళ్ళు వంచబోతే భుజం పెట్టి లేపేటోణ్ని. అప్పుడు చేసిన ప్రార్థన నా జన్మలోనే చిన్నది. బతికించు ప్రభువా, అంతే. కళ్ళు మాత్రం బర్రె మీది నుంచి తీయలేదు.

బాపయ్య మందు తెచ్చి తాపించి, నాతోని నడవబట్టిండు. చెరో పక్క నడుస్తున్నం. రెండు వీధులు దాటినం. తర్వాత నెమ్మదిగ అడిగిండు.

"యాకోబూ, నిజంగా విన్నాడంటావా మీ దేవుడు?"

ఈ మాట కోసం నేను ఎన్ని ఏండ్లు కాచుకుని ఉన్ననో. క్లాసులో దీనికి జవాబు కూడా నేర్పిండ్రు. ఆ జవాబు పక్కన పెట్టి ఉన్నదే చెప్పిన.

"ఏమో బాపయ్యా. దీనికేమన్న అయితే నేను నీకు మళ్ళ మొహం చూపించలేను. నా భయం అదే."

ఆయన నా దిక్కు చూసి, ఇటియ్యి అని పలుపు తీసుకుని కొంతదూరం తనే నడిపిండు. నా అరచేతులు అప్పటికే బొబ్బలెక్కినయి.

పొద్దు దిగేటప్పుడు బర్రె వీధి మధ్యలో ఆగిపోయింది. ఇద్దరం దాని డొక్కలకు భుజాలు ఆనించినం. అది మెడ చాచి ఒక పెద్ద త్రేన్పు తీసింది. తర్వాత తోకెత్తి, మర్యాద గల మనుషుల ముందర చెప్పకూడని పని ఒకటి చేసింది, అది కూడా ధారాళంగ. డొక్క దిగింది. ఏ పాట విన్నా కూడా నాకు అంత ఆనందం కాలేదు. బాపయ్య మట్టిలోనే కూలబడి కడుపు పట్టుకుని నవ్విండు. అచ్చమ్మగారు వచ్చి బర్రె డొక్క నిమిరి, అదే చేత్తో నా తల నిమిరింది.

నేను పోతుంటే బాపయ్య ఊరి చివరిదాకా సైకిల్ నడిపించుకుంట వచ్చిండు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

"ఇంతకీ నువ్వు ఎందుకొచ్చావయ్యా ఇవాళ?"

ఒక సంగతి చెప్పాలని వచ్చిన, ఇప్పుడు నోరు లేస్తలేదు అన్న.

"వచ్చే వారం రా. తీరిగ్గా వింటాను," అన్నడు.

తెల్లారి ఆదివారం సంఘంలో ఒక్కొక్కరు లేచి చెప్పిండ్రు. ఒకాయన మాట ఓపికగ విన్నరట. ఒకామెకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టిండ్రట. నా వంతు వచ్చింది. ఎంతమందితోని మాట్లాడినవు యాకోబూ అన్నడు అయ్యగారు. ఊరందరితోని అన్న. సంఘమంతా స్తోత్రం అన్నది. ఏం చెప్పినవు అన్నడు. బర్రె ఎందుకు ఉబ్బిందో చెప్పిన అన్న. తర్వాత అంతా విప్పి చెప్పేసరికి మా ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కున్నది.

అయ్యగారు రుమాలుతో కళ్ళు తుడుచుకుని, నన్ను నవ్వులపాలు కానియ్యొద్దని కావచ్చు, మరి ఎవరన్న విశ్వాసంలో నీ వెంట నడవడానికి ఒప్పుకున్నరా అని మెల్లగ అడిగిండు.

ఒప్పుకున్నది అయ్యగారూ అన్న. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా నా అడుగులో అడుగేసి నడిచింది. అది కూడా ఎందుకంటే, పలుపు నా చేతిలో ఉన్నది.