క్లావా పిన్ని పొయ్యిరాయి

క్లావా పిన్నికి మురికి అంటే ఒళ్ళు మంట. రష్యా తూర్పు కొసనున్న ఇతురుప్ దీవి చేపల ఫ్యాక్టరీలో జన్మంతా పొలుసులు గీకిన మనిషి మరి. భర్త పోయాక కోడలితో పడలేక, అదే దీవిలోని కుద్రియావి అగ్నిపర్వతం మీద, ఖనిజాలు వెతికే మా క్యాంపుకు వంటమనిషిగా వచ్చింది. నేనక్కడ వైర్‌లెస్ చూసేవాణ్ణి. కొండ నెర్రెల్లోంచి సెగలు తన్నుకొచ్చే చోట పలకరాయి పరిచి, దాని మీదే చేపల పులుసు కాచేది. కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోందని ఎవరైనా అంటే గరిట తిరగేసేది.

మా క్యాంపు పెద్ద రొదియోన్ వెతుకుతున్నది రేనియం సల్ఫైడు. భూమి లోపలి ఆవిరితో పాటు రేనియం అనే లోహం, గంధకం పైకొచ్చి, కాస్త చల్లబడిన చోట వెండి రేకుల్లా రాతికి పట్టుకుంటాయి. బంగారం కన్నా అరుదు. ఆ సెగల మధ్య చొక్కాలు కాల్చుకుంటూ తిరిగినా ఆయనకు గోరంతైనా దొరకలేదు. ఈ వేసవి కూడా ఉత్తదే అయితే క్యాంపు ఎత్తేస్తారు. పిన్ని మళ్ళీ కోడలి పంచన చేరాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకు ముద్ద దిగేది కాదు.

ఒక పొద్దున టీ కోసం వచ్చిన రొదియోన్, పిన్ని ఇసుకతో పొయ్యిరాయి అంచులు తోమడం చూశాడు.

"ఏంటది పిన్నీ, మెరుస్తోంది?"

"మసి నాయనా. ఎంత గీకినా మళ్ళీ పట్టేస్తోంది వెధవది."

ఆయన వంగి చూసి కూలబడ్డాడు. "ఇన్నాళ్ళూ దీన్ని తోమేస్తున్నావా!"

"తోమక? నీ గుడారంలా పెట్టుకోమంటావా?"

"నేను వెతికేది ఇదే తల్లీ! ఇంకోసారి చెయ్యి వేశావో, వచ్చే హెలికాప్టర్‌లో మీ కోడలి దగ్గరికే!"

పిన్ని చేతిలోని ఇసుక కింద పారబోసింది. "ముట్టను," అంది.

మేము పక్క కొండకు వెళ్ళి, తుఫానులో చిక్కుకుని, ఎన్నాళ్ళకో తిరిగొచ్చాం. రాయి అంచుల నిండా రేకులు దట్టంగా పేరుకున్నాయి. పిన్ని దాని వైపు చూడకుండా, అటు వీపు తిప్పి కూర్చుంది. రొదియోన్ సంతోషంతో ఏడ్చినంత పని చేశాడు.

"ముట్టలేదు చూశావా," అంది పిన్ని గర్వంగా. "కానీ చేతులు ఊరుకోవుగా. నీ సంచుల్లో రాళ్ళన్నీ కడిగేశా. వాటికి అంటించిన నంబరు కాగితాలు కూడా జిగురుతో సహా ఊడగొట్టా."

వేసవంతా ఏరిన రాళ్ళు గుడారం ముందు తళతళలాడుతూ ఆరుతున్నాయి. ఏది ఏ నెర్రెదో దేవుడికే తెలియాలి.

రొదియోన్ ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. హెలికాప్టర్‌కు కబురు పెట్టమంటాడేమో అనుకున్నాను.

"పిన్నీ," అన్నాడు చివరికి, "వచ్చే ఏడు ఇవన్నీ మళ్ళీ ఏరాలి. వంటకు నువ్వు రాకపోతే ఎలా?"

పిన్ని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆయన కాళ్ళ కేసి చూసింది.

"వస్తాలే. ముందు ఆ బురద బూట్లు విప్పు."